ప్రభువు బల్లకూ సంఘం అందించవలసిన నిరీక్షణకూ ఉన్న సంబంధం: ఒక ప్రశ్నకు సమాధానం

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. నెలకొకసారి, మొదటి ఆదివారం నాడు మనం తీసుకునే బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసాల సంస్కారం, ప్రతి విశ్వాసి సొంత పాపక్షమాపణకు, ఆత్మీయ క్షేమానికి సంబంధించినదైతే, "లోకానికి నిరీక్షణ అందించడానికి సంఘం పిలువబడింది" అని ప్రసంగాల్లో వినే మాటకు దానితో ఏం సంబంధమన్నది మొదటిది. మీ సంఘంలో చాలామంది, ముఖ్యంగా కుటుంబ కలహాల్లోనో అప్పుల్లోనో ఉన్నవారు, తమకు యోగ్యత లేదని భయపడి సంస్కారం మొదలయ్యే సమయానికి లేచి వెళ్లిపోతున్నారని, వారికి ఏం చెప్పాలన్నది రెండవది. నేను చాలాకాలం గ్రామ పాస్టరేట్లలో (ఒకే పాస్టరు కింద ఉండే ఊళ్ల సంఘాల్లో) సేవచేసి, తర్వాత వేదాంత విద్యార్థులకు ఆరాధన క్రమాలను బోధించినవాడిని. నాకు అర్థమైనంతవరకు మీ రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. సంఘమంతా కలిసి పాలుపొందవలసిన భోజనాన్ని మనం ఎవరికి వారు కళ్లు మూసుకుని తీసుకునే సంస్కారంగా కుదించుకున్నాం. పక్కన ఎవరున్నారో, ఎవరు లేరో చూడని చోట నిరీక్షణ గురించిన మాట ప్రసంగంగా మాత్రమే మిగులుతుంది.

భయపడి వెళ్లిపోయేవారు ఆధారం చేసుకునేది పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండవ అధ్యాయాన్నే. "అయోగ్యముగా" అన్న ఒక్క మాటను పట్టుకుని, గడచిన నెలలో చేసిన తప్పులన్నీ లెక్కపెట్టుకుని, తాము తగమని తీర్పు చెప్పుకుంటారు. అయితే ఆ అధ్యాయంలో పౌలు ఏ తప్పు గురించి మాట్లాడుతున్నాడో మొదటినుంచి చదవాలి. ఆ రోజుల్లో సంఘం ఇళ్లలో కూడేది, రొట్టె విరవడం ఒక పూర్తి భోజనంతో కలిసి ఉండేది. తీరిక, ఆస్తి ఉన్నవారు తాము తెచ్చుకున్నది ముందుగా తినేసేవారు. ఏమీ లేనివారు వచ్చేసరికి కొందరు తాగి మత్తులో ఉండేవారు, వచ్చినవారేమో ఆకలితో మిగిలిపోయేవారు. మీరు తినేది ప్రభువు భోజనం కానేకాదని పౌలు అన్నది ఈ సందర్భంలోనే. పేదలను సిగ్గుపరుస్తున్నారా అని ఆయన సూటిగా నిలదీశాడు. అధ్యాయం చివర ఆయన ఇచ్చిన ఆజ్ఞ కూడా ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండమన్నదే. కాబట్టి "అయోగ్యముగా" అన్నది మొదట తినే తీరుకు సంబంధించిన మాట. పక్కవాడు క్రీస్తు శరీరంలో భాగమని గుర్తించకుండా తినడమే అక్కడి నేరం.

ఇంకొక సంగతి కూడా గమనించండి. ప్రతివాడూ తనను తాను పరీక్షించుకోవాలని చెప్పిన పౌలు, ఆ వెంటనే, అలా చేసి తినవలెను, త్రాగవలెను అన్నాడు. పరీక్షించుకుని ఇంటికి వెళ్లమని ఆయన ఎక్కడా చెప్పలేదు. స్వపరీక్ష బల్ల దగ్గరికి నడిపించే దారి. దాన్ని బయటికి పంపే తలుపుగా మార్చింది మన అలవాటే, లేఖనం కాదు. కఠినమైన పాపంలో మొండిగా నిలిచినవారిని సంఘం క్రమశిక్షణలో ఉంచడం వేరు, దానికి పెద్దలూ పద్ధతీ ఉన్నాయి. భర్త తాగి కొడుతున్నందుకు తనలో కోపం ఉందని ఒక స్త్రీ తనంతట తానే బల్లకు దూరం కావడం వేరు. ఈ రెండింటినీ కలిపివేసి ఊరుకున్న కాపరులు జవాబు చెప్పవలసినవారని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక నిరీక్షణ విషయం. బల్ల దగ్గర మనం ప్రతిసారీ వినే మొదటి మాట, ప్రభువు తాను అప్పగింపబడిన రాత్రి రొట్టె ఎత్తుకున్నాడన్నది. పస్కా పండుగ మీదో, సిలువ మీదో ఆ వాక్యం మొదలు కాలేదు. ద్రోహం జరిగిన రాత్రిని గుర్తుగా పెట్టుకుని మొదలైంది. లూకా చెప్పిన ప్రకారం అప్పగించబోయేవాడి చేయి కూడా ఆ బల్ల మీదనే ఉంది. మిగిలినవారు తమలో ఎవరు గొప్ప అని ఆ బల్ల దగ్గరే వాదించుకున్నారు. తెల్లవారేలోగా ఆ గుంపంతా చెదిరిపోయింది. అటువంటి రాత్రి, అటువంటి మనుషుల చేతుల్లో పెట్టిన రొట్టె ఇది. దేవుని రాజ్యం వచ్చేవరకు ద్రాక్షరసం ఇక త్రాగనని ఆయన చెప్పిన మాట కూడా ఆ రాత్రిదే. అంటే అన్నీ కూలిపోతున్న గడియలోనే రాబోయే విందు గురించి ఆయన మాట్లాడాడు. పౌలు "ప్రభువు వచ్చువరకు" అని రాసింది ఇందుకే. ఈ భోజనం జరిగిపోయినదాన్ని తలచుకోవడంతో ఆగదు, ఇంకా జరగవలసినదాని కోసం ఎదురుచూస్తుంది. 1982లో ప్రపంచ సంఘాల మండలి విశ్వాస వ్యవస్థా విభాగం లీమా నగరంలో ఆమోదించిన పత్రం ఈ సంస్కారాన్ని ఐదు కోణాల్లో వివరించింది: తండ్రికి కృతజ్ఞతార్పణ, క్రీస్తు జ్ఞాపకార్థం, ఆత్మను ఆహ్వానించడం, విశ్వాసుల సహవాసం, దేవుని రాజ్యపు భోజనం. మన సంఘాలు రెండవదైన జ్ఞాపకార్థాన్ని మాత్రం గట్టిగా పట్టుకుని, చివరి రెండింటినీ దాదాపుగా వదిలేశాయని నా అభిప్రాయం.

యేసు సిలువ మరణం తర్వాత ఎమ్మాయు అనే ఊరి దారిలో నడిచిన ఇద్దరు శిష్యుల గురించి లూకా చెప్పిన కథ మీ ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరది. తిరిగి లేచిన యేసే వారితో కలిసి నడిచాడు, కానీ ఆయన ఎవరో వారికి తెలియలేదు. ఆయన ఇశ్రాయేలును విమోచిస్తాడని తాము నిరీక్షించామని వారు ఆ అపరిచితుడితో చెప్పుకున్నారు. జరిగిపోయిన కాలంలో చెప్పిన నిరీక్షణ అది. దారంతా లేఖనాలు వివరించినా వారు ఆయనను గుర్తించలేదు. ఆయన రొట్టె పట్టుకుని స్తోత్రం చేసి విరిచి ఇచ్చినప్పుడు గుర్తించారు. చీకటి పడిందని ఆయనను ఆపినవారే, ఆ గడియలోనే లేచి సుమారు ఏడు మైళ్ల దారి తిరిగి నడిచి యెరూషలేముకు వెళ్లారు. బల్లకూ పిలుపుకూ సంబంధమేమిటని అడిగినవారికి నేను మొదట ఈ నడకనే చూపిస్తాను. రొట్టె విరిచినచోట కూర్చుండిపోవడం వారికి చేతకాలేదు. తమలాగే ఆశ వదులుకుని తలుపులు మూసుకున్నవారి దగ్గరికి వెళ్లవలసివచ్చింది.

అపొస్తలుల కార్యములు ఇరవై ఏడవ అధ్యాయంలో ఇంకొకటుంది. తుపానులో చిక్కిన ఓడలో 276 మంది ఉన్నారు. ఎన్నో రోజులు సూర్యుడూ నక్షత్రాలూ కనబడక, బతుకుతామన్న ఆశ పూర్తిగా పోయిందని లూకా రాశాడు. అప్పుడు ఖైదీగా వెళ్తున్న పౌలు అందరి యెదుట రొట్టె పట్టుకుని, దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, విరిచి తిన్నాడు. అందరూ ధైర్యం తెచ్చుకుని తిన్నారు. ఆ ఓడలో సైనికులున్నారు, నావికులున్నారు, ఇతర ఖైదీలున్నారు, వారిలో విశ్వాసులు కొద్దిమందే. ఇది సంస్కారమా, మామూలు భోజనమా అని పండితులు వాదిస్తారు. నేను దాన్ని సంస్కారమని చెప్పను. కానీ లూకా ఏ పదాలతో ప్రభువు భోజనాన్ని వర్ణించాడో ఆ పదాలనే ఇక్కడా వాడాడు. బల్ల దగ్గర నేర్చుకున్న చేతులే తుపానులో కూడా రొట్టె విరవగలిగాయని నేను అర్థం చేసుకుంటాను. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనను చూసిన తరం మన మధ్య ఇంకా ఉంది. కోస్తా జిల్లాల్లో పెరిగినవారికి ఈ అధ్యాయాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

తొలి సంఘం ఈ సంబంధాన్ని ఎలా పాటించిందో చెప్పడానికి ఒక సాక్ష్యం చాలు. రెండవ శతాబ్దం మధ్యలో రోమాలో ఉన్న హతసాక్షి జస్టిన్, ఆదివారపు ఆరాధన ఎలా జరుగుతుందో చక్రవర్తికి వివరిస్తూ రాశాడు. లేఖనాలు చదువుతారు, ప్రసంగం వింటారు, ప్రార్థిస్తారు, రొట్టె, ద్రాక్షరసం, నీరు తెస్తారు. కృతజ్ఞతలు చెల్లించాక అందరూ పాలుపొందుతారు. రాలేకపోయినవారికి పరిచారకులు తీసుకువెళ్తారు. కలిగినవారు ఇష్టపూర్వకంగా ఇచ్చినదాన్ని ఆరాధన నడిపించినవాడు దగ్గర ఉంచుకుని అనాథలకు, విధవలకు, రోగులకు, చెరలో ఉన్నవారికి, పరదేశులకు సహాయం చేస్తాడు. సంస్కారానికీ సహాయానికీ మధ్య ఆయన గీత గీయలేదు. ఒకటి చెబుతూ చెబుతూనే రెండవదానిలోకి వెళ్లిపోయాడు. మనకు మాత్రం సంస్కారం ఆరాధన కమిటీ పని, సహాయం వేరే కమిటీ పని.

మన తెలుగు సంఘాల చరిత్రలోకి వస్తే, ఒంగోలు ప్రాంతాన్ని తలచుకోకుండా ఈ విషయం మాట్లాడలేం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో అక్కడికి వచ్చిన కొద్దికాలానికే, తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగలు సువార్త వైపు కదిలారు. అప్పటికే ఆసక్తి చూపుతున్న పై కులాలవారు, వీరిని చేర్చుకుంటే తాము రామని తేల్చిచెప్పారు. క్లౌ, ఆయన భార్య ఏం చేయాలో తోచక వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథు పత్రికలోని ఒకే భాగం కనబడిందని క్లౌ చెప్పుకున్నాడు. లోకం నీచులుగా ఎంచినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం అది. బల్ల దగ్గర ఎవరుండాలన్న ప్రశ్నకు ఆ రోజు వచ్చిన జవాబు మన తాతముత్తాతల బతుకును మార్చింది. ఆ తర్వాత 1876-78 నాటి గొప్ప కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి పని, కూలి ఇచ్చాడు. సహాయం కోసం బాప్తిస్మం అడుగుతారేమోనని సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చాలామంది ఈ సంఖ్యనే గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం బాప్తిస్మాలు ఆపిన ఆ నెలలే ఎక్కువ విలువైనవి. ప్రతిఫలం ఆశించకుండా అన్నం పెట్టగలిగినప్పుడే సంఘం చెప్పే నిరీక్షణను జనం నమ్మారు.

దోర్నకల్‌లో మరొక రీతిగా ఇదే జరిగింది. తిరునెల్వేలి నుంచి తెలుగు ప్రాంతానికి మిషనరీగా వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, మీరు పేదలకు ఆస్తులు పంచారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అని వేడుకున్నాడు. పరలోకంలో సింహాసనాలు వాగ్దానం చేస్తూ, తమ ఇంటి ముందుగదిలో కుర్చీ వేయని మిషనరీల తీరు ఆయన మనసును ఎంత కోసిందో ఆ ప్రసంగంలో తెలుస్తుంది. 1912 డిసెంబరు 29న ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. బాప్తిస్మం పొందినవారు తమ తల మీద తామే చేయి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికేలా ఆయన నేర్పించాడు. నిరక్షరాస్యులైన మాల, మాదిగ కూలీల నోట ఆ మాట పలికించడమంటే, నిరీక్షణను అందుకునేవారే దాన్ని మోసుకుపోయేవారని ఆయన నమ్మాడన్నమాట. 1927లో సంఘాల ఐక్యత గురించి లోసాన్‌లో జరిగిన ప్రపంచ సభలో, విభజనలు పడమటి దేశాల్లో బలహీనత కావచ్చు గాని మా దేశాల్లో పాపం, అవమానం అని ఆయన చెప్పాడు. ఒకే ఊరిలో రెండు గుళ్లవారు ఒకరి బల్లలో ఒకరు చేరకుండా ఉంటే, కులంతో చీలిన ఊరికి వారు చూపగలిగేదేమీ లేదు. 1945 జనవరి 1న ఆయన చనిపోయాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో పలు సంఘశాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)గా ఏర్పడడాన్ని ఆయన కళ్లారా చూడలేదు.

ఆ సంఘం కూర్చుకున్న ఆరాధన క్రమంలో నాకు ఎంతో ఇష్టమైన చోటు ఒకటుంది. రొట్టె, పాత్ర బల్ల మీదికి రాకముందే సమాధానం, అంటే ప్రభువు శాంతి, ఒకరినుంచి ఒకరికి అందుతుంది. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని అందుకునేవారి కుడి అరచేతికి ఆనిస్తారు, ఆపైన ఇద్దరూ తమ ఎడమచేతిని ఎదుటివారి కుడిచేతి మీద మూస్తారు. సిరియను సంప్రదాయం నుంచి వచ్చిన ఈ పద్ధతిని మన గ్రామాల్లో చేయించినప్పుడు, అంటరానితనం అనుభవించిన ఒక పెద్దాయన చేయి ఒక ఉద్యోగి రెండు చేతుల మధ్య ఇమిడి ఉండడం నేను దగ్గరనుంచి చూశాను. ఇప్పుడు చాలాచోట్ల దాన్ని దూరంనుంచి పెట్టే నమస్కారంగా తేల్చేస్తున్నారు. కుదిరితే మీ సంఘంలో పాత పద్ధతిని తిరిగి తేవాలని అయ్యగారిని అడగండి. మరొక సంప్రదాయం నుంచి కూడా నేర్చుకోవలసింది ఉంది. సువార్తికుడు భక్తసింగ్ గారి పరిచర్యలో పుట్టిన హెబ్రోను సహవాసాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, ఆరాధన ముగిశాక ప్రేమవిందుకు అందరూ వరుసల్లో కింద కూర్చుంటారు. ఎవరికి ఏ వరుస అని ఉండదు, డాక్టరు పక్కన రిక్షా తొక్కేవాడు కూర్చుని ఒకే పప్పు, ఒకే అన్నం తింటాడు. కొరింథులో విడిపోయిన రెండు భోజనాలు అక్కడ మళ్లీ కలుస్తాయి. సిద్ధాంత విషయాల్లో నాకు వారితో భేదాలున్నా, ఈ ఒక్కదానిలో వారు మనకన్నా ముందున్నారని చెప్పడానికి వెనుకాడను.

ఇంత చెప్పాక దాచకూడనిది ఒకటుంది. ఈనాటికీ మాలల గుడి, మాదిగల గుడి అని పిలువబడే మందిరాలు మన జిల్లాల్లో ఉన్నాయి. ఒకే సంఘంలో ఉన్నా పెళ్లి సంబంధాల దగ్గర, సమాధుల స్థలం దగ్గర, సంఘ ఎన్నికల దగ్గర కులం బయటపడుతుంది. 1833లోనే కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్, సంఘాల్లో కులభేదాలను వెంటనే, పూర్తిగా విడిచిపెట్టాలని దక్షిణాది సంఘాలకు లేఖ రాస్తే, తంజావూరు వంటి చోట్ల ఎంతోమంది సంఘాన్నే విడిచిపెట్టారు. బల్ల దగ్గర ఒకే పాత్రనుంచి త్రాగడం వారికి అంత కష్టమైంది. మనం చిన్న గ్లాసులు వాడుతున్నాం కాబట్టి ఆ కష్టం మనకు కనబడదు, అంతే. ఇటువంటి సంఘం బయటివారికి నిరీక్షణ ప్రకటిస్తే వారు వినరు, వారిని తప్పుపట్టలేం.

మరోవైపు, నిరీక్షణ పేరుతో ఈ రోజుల్లో ఎక్కువగా వినిపించేది ఈ సంవత్సరం ఇల్లు, వచ్చే సంవత్సరం వీసా అన్న వాగ్దానం. ఉద్యోగం కోసం ప్రార్థించడం తప్పు కాదు, నేనూ ఎందరి కోసమో ప్రార్థించాను. కానీ ఆ వాగ్దానం నెరవేరనివారికి, నీలో విశ్వాసం చాలలేదు అన్న తీర్పు మాత్రమే మిగులుతుంది. బల్ల ఆ తీర్పు చెప్పదు. విరిగిన రొట్టెను చేతిలో పెట్టి, విరిగినవాడే లేచాడని చెబుతుంది. పంట పోయిన కౌలు రైతుకు, డయాలిసిస్‌కు తిరుగుతున్న కుటుంబానికి ఆ మాట చెప్పగలిగేది బల్ల దగ్గర కూడిన సంఘం మాత్రమే, ఎందుకంటే ఆ మాటతోపాటు వారింటికి బియ్యం, ఆసుపత్రికి తోడు కూడా పంపవలసింది ఆ సంఘమే.

ఆచరణలో మీరు మొదలుపెట్టదగిన మొదటి పని రాలేనివారి దగ్గరికి బల్లను తీసుకువెళ్లడం. గ్రామ పాస్టరేటులో ఒక్క ప్రెస్బిటరుకు (అభిషేకం పొందిన పాస్టరుకు) ఎన్నో ఊళ్లు ఉంటాయి, మంచం పట్టినవారికి సంస్కారం అంది ఏళ్లు గడిచిపోతాయి. చిన్న పెట్టెలో పాత్ర, పళ్లెం, సీసా ఉంటే చాలు. మింగలేనివారికి రొట్టె చిటికెడు తుంచి, ద్రాక్షరసంలో నానబెట్టి చెంచాతో పెట్టవచ్చు. సంఘపెద్దలను, స్త్రీల సమాజంవారిని, వీలైతే ఇద్దరు యువకులను కూడా వెంట తీసుకువెళ్లమని నా సలహా. ఆ ఇంటి పరిస్థితిని వారు కళ్లతో చూస్తారు. మందులు అయిపోయాయా, పెన్షన్ ఆగిపోయిందా, కప్పు కారుతోందా అన్నది అక్కడే తెలుస్తుంది. బల్ల ఉన్న ఆదివారపు కానుకలో కొంత భాగాన్ని ఈ అవసరాలకే కేటాయిస్తామని కమిటీలో తీర్మానం చేయించగలిగితే ఇంకా మంచిది.

లేచి వెళ్లిపోయేవారిని మాత్రం ఆరాధనలో నలుగురి ముందు పిలవకండి, ఇంటికి వెళ్లి కలవండి. కుటుంబ కలహంలో ఉన్న స్త్రీకి ఆమె అనుభవించిన హింస ఆమె పాపం కాదని చెప్పండి, ఆమె భద్రత సంగతి మొదట చూడండి. అప్పుల్లో ఉన్నవారి విషయంలో నేను గమనించినది ఒకటి చెబుతాను. అప్పు తీర్చలేనివాడు సిగ్గుతో బల్లకు దూరమవుతాడు, అదే సంఘంలో నూటికి ఐదు రూపాయల వడ్డీకి అతనికి అప్పిచ్చినవాడు మొదటి వరుసలో నిశ్చింతగా రొట్టె అందుకుంటాడు. నీమీద నీ సహోదరునికి విరోధమేమైనా ఉందని గుర్తొస్తే, అర్పణను బలిపీఠం ముందే విడిచి వెళ్లి సమాధానపడమని ప్రభువు మత్తయి ఐదవ అధ్యాయంలో చెప్పినది ఎవరికో ఆలోచించండి. ఆ మాట నొచ్చుకున్నవాడికి కాదు, నొప్పించినవాడికి. కాబట్టి మొదట కలవవలసింది అప్పిచ్చినవారినే. వడ్డీ తగ్గించడమో, గడువు పెంచడమో, అసలులో కొంత వదులుకోవడమో పెద్దల సమక్షంలో మాట్లాడుకోవచ్చు. ఇది బల్లకు ముందురోజు తేలే పని కాదు కాబట్టి, మీ పాస్టరుగారితో మాట్లాడి ఈ నెల రెండవ వారంలోనే మొదలుపెట్టండి. ఇద్దరు పెద్దలు వెళ్లాలి, వారిలో ఒకరైనా ఆ అప్పిచ్చినవారి మాట తేలికగా తోసిపుచ్చలేని మనిషై ఉండాలి.